అమ్మ ముఖం గీసిన మహాచిత్రకారుడు – ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్

క్రీ.శ. 1514వ సంవత్సరం. తుంగభద్రా తీరాన విజయనగర సామ్రాజ్యం మహోన్నత దశలో ఉన్న కాలమది. దీర్ఘకాలం సాగిన ముట్టడి అనంతరం శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఉదయగిరి దుర్గాన్ని స్వాధీనం చేసుకున్నది ఆ ఏడాదే. ఈ సీమ చరిత్ర చదివే ప్రతి విద్యార్థికీ ఆ విజయగాథ తెలుసు. అదే సంవత్సరం, సముద్రాలకు అవతల, జర్మనీ దేశంలోని న్యూరెంబర్గ్ నగరంలో ఒక చిత్రకారుడు ఏడాదిగా వ్యాధిగ్రస్తురాలై ఉన్న తన తల్లిని ఎదుట కూర్చోబెట్టుకొని, బొగ్గు ముక్కతో ఆమె ముఖం గీశాడు. దానిలో కిరీటం లేదు, నగ లేదు, పూవు లేదు. అయినా 500 సంవత్సరాలు దాటిన తరువాత కూడా రూపచిత్రం గురించి మాట్లాడేవారు ఆ కాగితాన్ని తలచుకోకుండా ఉండలేరు. ఆ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. ఆ తల్లి పేరు బార్బరా.

డ్యూరర్ 1471 మే 21న న్యూరెంబర్గ్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా ఆల్‌బ్రెక్టే. ఆయన హంగరీ దేశం నుండి వలస వచ్చిన స్వర్ణకారుడు. ఆయన స్వగ్రామం పేరులో హంగరీ భాషలో ద్వారం అని అర్థమిచ్చే పదం ఉంది. జర్మనీలో స్థిరపడిన తరువాత ఆ అర్థాన్నే జర్మన్ భాషలోకి మార్చుకోగా అది ఇంటిపేరైంది. తెరిచిన తలుపుల గుర్తు వారి వంశ చిహ్నమైంది. ఇంటిపేరే ఒక బొమ్మగా మారిన కుటుంబంలో పుట్టినవాడు ప్రతీకల భాషను ఉగ్గుపాలతో నేర్చాడంటే ఆశ్చర్యం లేదు.

తండ్రి న్యూరెంబర్గ్‌లో హైరోనిమస్ హోల్పర్ అనే స్వర్ణకారుని వద్ద పనిలో చేరి, 1467లో ఆయన కుమార్తె బార్బరాను వివాహమాడాడు. అప్పటికి వరుని వయస్సు 40, వధువు వయస్సు 15. ఆ దంపతులకు 18 మంది సంతానం కలిగారు. ప్రతి కాన్పు జరిగిన రోజునూ ఘడియనూ తండ్రి శ్రద్ధగా వ్రాసి ఉంచాడు. మన పెద్దలు పంచాంగం అంచున బిడ్డల జన్మతిథి, నక్షత్రం వ్రాసుకున్నట్టే. ఆ 18 మందిలో పెరిగి పెద్దవారై బ్రతికి బట్టకట్టినవారు ముగ్గురే: ఆల్‌బ్రెక్ట్, ఎండ్రెస్, హాన్స్. మిగిలిన 15 మందినీ ఆ తల్లి మట్టికి అప్పగించింది. తరువాత చూడబోయే ముఖంలోని ప్రతి ముడతకూ వెనుక ఈ లెక్క ఉన్నదని గుర్తుంచుకోవాలి.

బాలుడైన ఆల్‌బ్రెక్ట్ మొదట తండ్రి వద్దనే బంగారు పని నేర్చాడు. లోహం మీద సన్నని ములుకుతో గీత గీయడం, ఆ గీత చేతి ఆజ్ఞను మీరకుండా చూడడం అక్కడే అలవడింది. 1484లో, 13 ఏళ్ల వయస్సులో, అద్దంలో చూసుకుంటూ తన బొమ్మను తాను వెండి ములుకుతో గీసుకున్నాడు. వెండి ములుకు గీత చెరిపితే చెరగదు. తప్పు పడితే పడినట్టే. అటువంటి సాధనంతో ఒక పిల్లవాడు, బుగ్గల నునుపూ, గంభీరమైన చూపూ, ముందుకు చూపుతున్న వ్రేలూ తడబాటు లేకుండా నిలిపాడు. ఆ చిత్రం నేటికీ వియన్నా నగరంలోని అల్బెర్టీనా సంగ్రహాలయంలో భద్రంగా ఉంది. అద్దంలో చూసి గీసిన బొమ్మ అని, తన బాల్యంలో గీసినదని పెద్దవాడైన తరువాత దాని మీదనే వ్రాశాడు. బొమ్మ పక్కన నాలుగు మాటలు వ్రాసి పెట్టే ఆ అలవాటు జీవితాంతం విడువలేదు.

కొడుకు తన వృత్తిని వదలి చిత్రలేఖనం వైపు మొగ్గుతున్నందుకు తండ్రి మొదట బాధపడ్డాడు. పోయిన కాలం వృథా అయిందని చింతించాడు. కాని అడ్డు చెప్పలేదు. 1486 నవంబరు 30న మైకేల్ వోల్గెముట్ అనే చిత్రకారుని వద్ద శిష్యునిగా చేర్చాడు. మూడేళ్ల శిష్యరికం. తరువాత ఆనాటి ఆచారం ప్రకారం దేశసంచారం. 1490లో ఇల్లు విడిచే ముందు డ్యూరర్ తన తండ్రి రూపాన్ని తైలవర్ణాలలో చిత్రించాడు. అది ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉంది. దానికి జతగా చిత్రించిన తల్లి చిత్రం న్యూరెంబర్గ్‌లోని జర్మన్ జాతీయ సంగ్రహాలయంలో ఉంది. ఆమె బార్బరాయేనని పండితులు గుర్తించింది 20వ శతాబ్ది ఉత్తరార్ధంలోనే. ఈ రెండు చిత్రాలలోనూ చేతులలో జపమాల కనిపిస్తుంది. దైవభక్తి కలిగిన గృహస్థులు వీరని చూపరికి చెప్పే సంకేతమది. నాటి రూపచిత్రాలకు అటువంటి సంకేతం ఒకటి తప్పనిసరి. ముఖం మనిషిని చూపితే, చేతిలోని వస్తువు ఆ మనిషి గుణాన్ని చెప్పేది.

తెలుగువారికి ఇది కొత్త పద్ధతి కాదు. తిరుమల ఆలయంలో రాయలవారు తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి నిలిచిన లోహ ప్రతిమలను చూడని యాత్రికుడు అరుదు. రాజు తలపై పొడవైన కుళ్లాయి ప్రభుత్వానికి గుర్తు. జోడించిన చేతులు భక్తికి గుర్తు. ఎవరు ఎవరో తెలియడానికి వారి పేర్లను ప్రతిమల మీదనే చెక్కారు. అవి కూడా డ్యూరర్ కాలానివే. పేరూ, చిహ్నమూ, ముద్రా కలిసి ఒక వ్యక్తిని నిలబెట్టడం రెండు దేశాల శిల్పులకూ తెలిసిన విద్య.

దేశసంచారంలో డ్యూరర్‌కు ఒక ఆశాభంగం కలిగింది. గొప్ప చెక్కడపు చిత్రకారుడైన మార్టిన్ షోన్‌గౌయర్‌ను కలుసుకోవాలని కోల్మార్ పట్టణం చేరేసరికి ఆ మహనీయుడు మరణించి ఉన్నాడు. బాసెల్, స్ట్రాస్‌బర్గ్ నగరాలలో పనిచేసి, 1494లో ఇంటికి వచ్చి ఆగ్నెస్ ఫ్రై అనే కన్యను వివాహమాడాడు. కొద్ది నెలలకే ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీ వెళ్లాడు. 1498లో వెలువరించిన ప్రళయ దృశ్యాల దారుఫలక ముద్రలు, అంటే కొయ్య దిమ్మె మీద చెక్కి అచ్చువేసిన చిత్రాలు, ఆయన పేరును ఐరోపా అంతటా మ్రోగించాయి. 1500లో 28 ఏళ్ల వయస్సులో తనను తాను, ఏసుక్రీస్తు రూపాన్ని చిత్రించే రీతిలో, నేరుగా ఎదురు చూస్తున్నట్టు చిత్రించుకున్నాడు. అది అహంకారమని కొందరు, సృష్టించే శక్తి దైవదత్తమని చెప్పే వినయమని కొందరు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ కొంత కొంత ఉండి ఉంటాయి.

1502లో తండ్రి కాలధర్మం చెందాడు. రెండేళ్ల తరువాత, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో ఉన్న తల్లిని డ్యూరర్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె ఊరక కూర్చునే మనిషి కాదు. కొడుకు ఇటలీకి రెండవమారు వెళ్లిన 1505–07 మధ్యకాలంలో ఆయన ముద్రాచిత్రాలను అమ్మే పనిలో అత్తాకోడళ్లిద్దరూ పాలుపంచుకున్నారు. లోకమంతా కొనియాడే ఆ చిత్రాలను ఊరి సంతలో కూర్చొని అమ్మిన వృద్ధురాలిని ఊహించుకుంటే, మన ఊళ్లలో కొడుకు నేసిన చీరలను మూట గట్టి సంతకు తీసుకుపోయే తల్లులు కళ్ల ముందు మెదులుతారు. ఆమె దినచర్యలో చర్చికి పోవడం ప్రధానం. కొడుకు తప్పు చేస్తే మందలించేది. ఇల్లు వెడలేటప్పుడు దేవుని పేరు చెప్పి దీవించేది. మహమ్మారి రోగాలూ, పేదరికమూ, ఎగతాళీ, అవమానమూ ఎన్నో సహించినా ఎవరి మీదా కక్ష పెట్టుకోలేదని కొడుకే తన జ్ఞాపకాల పుస్తకంలో వ్రాసుకున్నాడు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పుకోవాలి. ఆనాటి ఐరోపా చిత్రకళలో ముసలి స్త్రీ రూపానికి గౌరవం లేదు. ముడతలు పడిన చర్మం, ఊడిన పళ్లు, వడలిన రొమ్ము కనిపిస్తే చాలు, అది పిసినారితనానికో, అసూయకో, మంత్రగత్తెకో, అందం అశాశ్వతమనే నీతికో గుర్తుగా నిలిచేది. ఈ దోషం నుండి డ్యూరర్ కూడా తప్పించుకోలేదు. 1500 ప్రాంతంలో మేక మీద వెనుదిరిగి కూర్చున్న మంత్రగత్తె చిత్రాన్ని రాగి రేకు మీద చెక్కాడు. 1507లో ఒక యువకుని రూపచిత్రం వెనుకవైపున, ధనపు సంచి పట్టుకొని పళ్లిగిలించిన ముసలిదానిని లోభానికి ప్రతీకగా చిత్రించాడు. ఆ చిత్రంలో వార్ధక్యం ఒక తిట్టు. ఇంట్లో తన తల్లి ఉన్న రోజుల్లోనే ఆయన దానిని గీశాడు.

1513 ఏప్రిల్‌లో ఒక ఉదయం బార్బరా హఠాత్తుగా జబ్బు పడింది. లోపల గడియ వేసి ఉన్న ఆమె గది తలుపును పగులగొట్టి తీయవలసి వచ్చింది. తెరిచేందుకు లేచి రాగల శక్తి ఆమెకు లేదు. ఆ దినమే పోతుందని అందరూ అనుకున్నారు. కాని ఆమె ప్రాణం గట్టిది. ఏడాదికి పైగా వ్యాధితోనే గడిపింది. ఆ ఏడాదిలోనే డ్యూరర్ కళాజీవితంలో శిఖరాలనదగిన మూడు తామ్రఫలక చిత్రాలలో మొదటిది, మృత్యువూ సైతానూ వెంటరాగా కదలిపోయే అశ్వారూఢ వీరుని చిత్రం, వెలువడింది. మిగిలిన రెండూ 1514 నాటివి.

ఆ 1514 సంవత్సరం ఓక్యులీ ఆదివారం నాడు, అనగా మార్చి 19న, ఆయన తల్లి చిత్రం గీశాడు. కాగితం కొలత సుమారు 42 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు. రాగి రేకు మీద వెంట్రుక వాసి గీతలు చెక్కగల ఆ చేయి ఈసారి మొరటు బొగ్గును ఎన్నుకున్నది. బొగ్గుకు ఓపిక తక్కువ. నొక్కితే నల్లగా పడుతుంది, తాకితే చెదురుతుంది. అలంకారానికి అది లొంగదు. కాలం మించిపోతున్నదని తెలిసినవాడు పట్టుకొనే సాధనమది.

తలకు చుట్టి భుజాల మీదికి జారిన తెల్లని గుడ్డ. అది ఆ దేశపు గృహిణులు తల కప్పుకునే వస్త్రం. చిత్రంలో మర్యాదకు గుర్తు అనదగినది అదొక్కటే. 1490 నాటి జపమాల లేదు, చేతులే లేవు. వెనుక గోడ లేదు, కిటికీ లేదు. నుదుటి మీద ముడతలు ఒకదాని మీద ఒకటి అలలుగా పడి ఉన్నాయి. చర్మం క్రింద దవడ ఎముకలు పొడుచుకొని వచ్చాయి. పొడవైన ముక్కు. గట్టిగా బిగించిన పెదవులు. మెడ నరాలు బిగించిన తాళ్లవలె నిలిచి ఉన్నాయి. వాటి క్రింద కంఠాస్థులు. కళ్లు రెండూ ఒక చోట చూడవు. ఒకటి ఇటు, ఒకటి అటు. రూపచిత్రం గీయించుకొనే ధనవంతుడెవ్వడూ తన కంటి లోపాన్ని చూపనివ్వడు. చిత్రకారుడూ సరిదిద్ది గీస్తాడు. ఇక్కడ కొడుకు సరిదిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు గీశాడు.

ఈ చిత్రాన్ని మొదటిసారి చూసేవారు ఉలిక్కిపడడం సహజం. తల్లిని ఇంత నిర్దయగా ఎవరైనా గీస్తారా అని అడిగినవారున్నారు. కాని కొంతసేపు చూసిన తరువాత ఆ ప్రశ్న దానంతటదే జారిపోతుంది. ఆ బిగించిన పెదవులలో భయం ఉంది, దానిని మించిన పట్టుదలా ఉంది. మృత్యువుకు తల్లి చాలా భయపడిందనీ, దేవుని సన్నిధికి పోవడానికి మాత్రం భయపడలేదనీ కొడుకు వ్రాసిన మాట ఆ కళ్లలో చదువుకోవచ్చు. ఒక కన్ను ఇక్కడే ఉంది, రెండవది మరెక్కడో చూస్తున్నది. ఓక్యులీ అనేది ఆ వారం చర్చిలో పాడే లాటిన్ ప్రార్థనలో కన్నులు అనే అర్థమిచ్చే మొదటి పదం. ఏరువాక పున్నమి, కనుమ పండుగ అని మనవారు దినాన్ని చెప్పినట్టే, డ్యూరర్ ఆ దినం పేరునే చిత్రంపై వ్రాశాడు. దీనిలో గూఢార్థం వెదకనక్కరలేదు. యాదృచ్ఛికమే అయినా చూపరి మనస్సులో ఆ పదం నిలిచిపోతుంది.

పిసినారితనానికి ప్రతీకగా 1507లో తాను వాడుకున్న ముడతలూ, ఎముకలూ, వడలిన మెడా అన్నీ ఈ చిత్రంలో ఉన్నాయి. మారినదొక్కటే. ఇక్కడ అవి వేరే దేనికీ గుర్తు కావు. లోభానికి కావు, అసూయకు కావు, జీవితం అశాశ్వతమనే ఉపదేశానికి కూడా కావు. 18 కాన్పులు, 15 మరణాలు, సంతలో ఎండ, ఏడాది రోగం అనుభవించిన బార్బరా అనే ఒక మనిషి ముఖమది. ప్రతీకల నిఘంటువును అంతగా ఎరిగినవాడు దానిని మూసి పక్కన పెట్టడమే ఈ చిత్రంలోని గొప్పతనం.

చిత్రం పైభాగంలో ఆమె ఎవరో, ఆమె వయస్సు 63 అనీ బొగ్గుతోనే వ్రాశాడు. ఆ అక్షరాల క్రింద మరికొన్ని మాటలున్నాయి. అవి బొగ్గువి కావు, సిరాతో వ్రాసినవి. అదే 1514 మే నెల 16వ తేదీ మంగళవారం రాత్రికి ముందు ఆమె మరణించినదని ఆ సిరా మాటల సారాంశం. చిత్రం గీసిన తరువాత ఆమె బ్రతికినది 58 దినాలు మాత్రమే. చివరి ఘడియలలో తానే దగ్గర కూర్చొని ప్రార్థనలు చదివాడు. ఆమె ప్రాణం సులభంగా పోలేదు. ఏదో భయంకరమైనది కంటబడినట్టు తోచినదని, పవిత్ర జలం అడిగినదని, ఆ వేదన చూసి తాను మాటల్లో చెప్పలేనంతగా దుఃఖించినట్టు జ్ఞాపకాల పుస్తకంలో వ్రాశాడు. మరణించిన తరువాత ఆమె ముఖం బ్రతికి ఉన్నప్పటికంటే ప్రసన్నంగా ఉన్నదని కూడా వ్రాశాడు. అయితే ఆ ప్రసన్న ముఖాన్ని గీసి మొదటి చిత్రం స్థానంలో పెట్టలేదు. బ్రతుకుతో పెనుగులాడుతున్న ముఖాన్నే ఉంచుకున్నాడు.

ఆ ఏడాదిలోనే వెలువడిన విషాద దేవత చిత్రం దీనికి పూర్తిగా విరుద్ధమైన నిర్మాణం. రెక్కలున్న ఒక స్త్రీ చెంపకు చేయి చేర్చి కూర్చొని ఉంటుంది. ఆమె చుట్టూ ఇసుక గడియారం, త్రాసు, గంట, నిచ్చెన, గోళం, వడ్రంగి పనిముట్లు, చిక్కిన కుక్క. గోడ మీద 16 గళ్ల మాయాచదరం. ఏ వరుస కూడినా, ఏ నిలువు కూడినా, మూల నుండి మూలకు కూడినా 34 వస్తుంది. క్రింది వరుస నడుమ గళ్లలో 15, 14 పక్కపక్కన నిలిచి సంవత్సరాన్ని చెబుతాయి. ఆ అంకెలలో తల్లి మరణించిన తేదీని వెదికినవారూ ఉన్నారు. అంత దూరం పోవడం అనవసరం. ఒకే ఏడాది ఒకే మనిషి దుఃఖాన్ని రెండు విధాల చెప్పగలిగాడన్నదే చాలు: ఒకచోట వందల సంకేతాలతో, మరొకచోట ఒక్క ముఖంతో. పండితులు మొదటిదాని మీద గ్రంథాలు వ్రాశారు. రెండవదానికి వ్యాఖ్యానం అవసరం లేదు. తల్లి ఉన్న ప్రతివాడికీ అర్థమవుతుంది.

ఆ మరుసటి ఏడాది జరిగిన ఒక ముచ్చట మన దేశానికి సంబంధించినది. 1515లో గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వారికి కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం ఒకటి ఓడలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దానిని కంట చూడలేదు. ఎవరో పంపిన లేఖనూ బొమ్మనూ ఆధారం చేసుకొని గీశాడు. ఒంటి నిండా ఇనుప కవచం తొడిగినట్టు, మెడ వెనుక లేని కొమ్మొకటి మొలిచినట్టు ఉంటుంది ఆ బొమ్మ. అయినా సుమారు మూడు శతాబ్దాల పాటు ఐరోపా గ్రంథాలు దానినే నిజమైన ఖడ్గమృగంగా అచ్చువేశాయి. చూడనిదాన్ని ఊహతో నింపి గీసిన చేయే, ఎదుట ఉన్న తల్లిని గీసినప్పుడు ఒక్క గీత కూడా కల్పించలేదు.

1518లో ఆగ్స్‌బర్గ్ నగరంలో మాక్సిమిలియన్ చక్రవర్తిని కూడా డ్యూరర్ బొగ్గుతోనే గీశాడు. చోటూ, దినమూ దానిమీద కూడా వ్రాశాడు. కొద్ది నెలలకే చక్రవర్తి మరణించగా ఆ రేఖాచిత్రం ఆధారంగా తైలవర్ణ చిత్రం తయారైంది. దానిలో చక్రవర్తి చేతికి ఆయన చిహ్నమైన దానిమ్మపండు వచ్చి చేరింది. 1521లో ఆంట్‌వెర్ప్ నగరంలో 93 ఏళ్ల వృద్ధుని ముఖం గీశాడు. ఆ ముఖమే కపాలం మీద వ్రేలు ఉంచిన జెరోమ్ మునిగా మారింది. రాజుకైనా వృద్ధునికైనా రేఖ నుండి వర్ణచిత్రానికి పోయే దారిలో ప్రతీక మళ్లీ ఎదురైంది. బార్బరా ముఖం మాత్రం ఆ దారిన పోలేదు. అది రేఖగానే ఆగిపోయింది.

ఆ నెదర్లాండ్స్ యాత్రలోనే ఆయనకు పట్టుకున్న జ్వరం ఆ తరువాత పూర్తిగా విడువలేదు. చివరి ఏళ్లు గ్రంథరచనలో గడిపాడు. కొలతల విద్య మీద 1525లో, కోటల నిర్మాణం మీద 1527లో గ్రంథాలు ప్రకటించాడు. మానవ దేహ ప్రమాణాలను వివరించే మహాగ్రంథం అచ్చు పూర్తి కాకముందే, 1528 ఏప్రిల్ 6న, 56 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆ గ్రంథాన్ని అదే ఏడాది భార్య ఆగ్నెస్ వెలువరించింది. వారికి సంతానం లేదు. న్యూరెంబర్గ్‌లోని యోహానిస్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. కోటగోడ దగ్గర, 1509లో ఆయన కొన్న ఇల్లు నేడు ప్రదర్శనశాల.

తల్లి చిత్రం బెర్లిన్ నగరంలోని ముద్రాచిత్ర, రేఖాచిత్ర సంగ్రహాలయంలో ఉంది. పాత కాగితం వెలుతురుకు చెడిపోతుంది గనుక అటువంటి రేఖాచిత్రాలను ఎల్లవేళలా గోడకు తగిలించి ఉంచరు. చీకటి పెట్టెలలో భద్రపరచి అప్పుడప్పుడు బయటికి తీస్తారు. తీసినప్పుడు బొగ్గు అక్షరాలూ, వాటి క్రింది సిరా అక్షరాలూ రెండూ స్పష్టంగానే కనిపిస్తాయి.